వేషం ఎరిగిన ప్రేక్షకుడు: వినోద చిత్రాల సమీక్షకు ఒక పాఠం

సినిమా సమీక్ష వ్రాయుమని అడిగితే మన విద్యార్థులలో ఎక్కువమంది కథ మొత్తం అప్పగించి, చివర "పాటలు బాగున్నవి, ఫైటింగులు అద్భుతం, హాస్యం ఫరవాలేదు" అని సంతకం చేస్తారు. మరికొందరు గూఢచారి చిత్రమనగానే ముఖం చిట్లించి, ఇటువంటివి చూచుట కాలహరణమని నాలుగు వాక్యాలలో తేల్చివేస్తారు. మొదటివారు చూచినదానిని గురించి ఆలోచించలేదు. రెండవవారు ఆలోచించారేమో గాని చూచినట్లు లేదు. ఈ వ్యాసం ఆ ఉభయులనూ ఉద్దేశించినది.

సినిమా సమీక్ష మన ఊరికి పరాయి విద్య కాదు. తెలుగు చలనచిత్ర పితామహుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్టణంలోనే జన్మించారు. 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీసిన ప్రకాశ్ ఆయన కుమారుడు. అంతకంటె మన విషయానికి దగ్గరివాడు మరొకరున్నారు. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రికలో, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వ కాలంలో, 1930లలో "సినీఫాన్" అనే పేరుతో చిత్ర సమీక్షలు వెలువడేవి. వ్రాసినది బందరు యువకుడు కమలాకర కామేశ్వరరావు. అప్పటికి తెలుగు టాకీ పుట్టి నాలుగైదు సంవత్సరాలే. 1936లో ద్రౌపది కథతో రెండు చిత్రాలు పోటీగా వచ్చినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచినది ఆయన కలమే. ఆ సమీక్షలే ఆయనను చిత్రపరిశ్రమకు దారి చూపినవి.

సమీక్షకుడు దర్శకుడైన తరువాత ఏమి తీశాడో చూచుట మనకు లాభకరం. 1962లో ఆయన దర్శకత్వంలో విజయా సంస్థ "గుండమ్మ కథ" విడుదల చేసినది. నిమ్మకూరు నుండి వచ్చిన నందమూరి తారక రామారావు, గుడివాడ దగ్గర రామాపురం నుండి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు, ఇద్దరూ అందులో ఉన్నారు. నాయకులిద్దరూ సంపన్నుని కుమారులు. ఇద్దరూ తామెవరో దాచి తిరుగుతారు. రామారావు అంజిగాడనే పనివాడై గుండమ్మ ఇంటిలో జొరబడి రుబ్బురోలు ముందు కూర్చొంటాడు. కత్తి లేదు, తుపాకి లేదు, కాని జరిగేది గూఢచర్యమే. శత్రువు కోటలో ప్రవేశించి, లోపలి అన్యాయాన్ని కనుగొని, బందీగా ఉన్న పిల్లను విడిపించుట. కోట వంటిల్లు, శత్రువు సూర్యకాంతం, అంతే భేదం.

ఆ దృశ్యాలలో నవ్వు ఎక్కడ పుడుతున్నదని విద్యార్థి తన్ను తాను ప్రశ్నించుకోవాలి. అంజి మాటలో గాని ముఖంలో గాని ఉన్నది కొంతే. మిగిలినదంతా మనకు తెలిసిన రహస్యంలో ఉన్నది. వాడెవరో మనకు తెలుసు, గుండమ్మకు తెలియదు. ఆమె గద్దించిన ప్రతిసారీ హాలంతా దర్శకునితో కుమ్మక్కైనట్లు కదులుతుంది. హాస్యచిత్రానికి ఇది మూలసూత్రం: పాత్ర కంటె ప్రేక్షకునికి ముందు తెలియాలి. తెలియుటకూ బయటపడుటకూ మధ్య దూరాన్ని ఎంత ఓపికగా సాగదీయగలిగితే అంత నవ్వు. హాస్యం పండలేదని వ్రాసే విద్యార్థి ఈ దూరాన్ని కొలిచి వ్రాస్తే, ఆ వాక్యం అభిప్రాయంగా మిగలక సమీక్ష అవుతుంది.

ఈ కుమ్మక్కు మన ప్రాంతపు ప్రేక్షకునికి సినిమా నేర్పినది కాదు. బందరుకు కొద్ది దూరంలో మొవ్వ దగ్గర కూచిపూడి ఉన్నది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం. అంతకుముందే, సిద్ధవటం సీమను పీడిస్తున్న సంబెట గురవరాజు దుర్మార్గాన్ని ఈ భాగవతులు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల యెదుట కేళికగా ఆడి చూపినట్లు మాచుపల్లి కైఫీయతు చెబుతున్నది. చూచివచ్చిన దానిని వేషం కట్టి ప్రభువుకు తెలిపారు. వేగులవాని పనీ, నటుని పనీ, కొంతవరకు విదూషకుని పనీ ఒకే మనిషి చేశాడన్నమాట. పగటి వేషాలవారు ఊరి నడుమ తిరిగినప్పుడు కూడా ఇంతే. వచ్చినవాడు వేషగాడని అందరికీ తెలుసు, అయినా ఒక్క క్షణం నమ్మి, మరుక్షణం నవ్వుకొనేవారు. కామేశ్వరరావుగారే 1963లో తీసిన "నర్తనశాల"లో కథంతా అజ్ఞాతవాసమే. కీచకుడు చచ్చిన తీరును బట్టి భీముడెక్కడున్నాడో కౌరవులు ఊహించే ఘట్టంలో అపరాధ పరిశోధన ఉన్నది. ఉత్తరకుమారుని ప్రగల్భాలలో హాస్యమున్నది. గోగ్రహణంలో యుద్ధమున్నది. మూడు రకాల చిత్రాలనూ మన పూర్వులు ఒకే పర్వంలో చూచుకొన్నారు.

పోలీసు ఉద్యోగం లేని పత్తేదారు కూడా మనకు తొందరగానే వచ్చాడు. 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన "మిస్సమ్మ"లో జమీందారు మేనల్లుడు రాజు తన్ను తాను డిటెక్టివుగా భావించుకొని ఇల్లంతా గాలిస్తూ ఉంటాడు. "దేవదాసు" వచ్చి రెండు సంవత్సరాలైనా కాకముందే అక్కినేని అటువంటి వేషం వేయుటకు ఒప్పుకొనుట సాహసమే. హిందీలో ఆ కథ 1957లో "మిస్ మేరీ"గా వచ్చినప్పుడు ఆ పాత్రను కిషోర్ కుమార్ ధరించాడు. "మిస్సమ్మ"కు మాటలు, పాటలు కూర్చిన పింగళి నాగేంద్రరావు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివినవారు. బందరు నాటకరంగం నుండి సినిమాకు వెళ్ళినవారు.

ఇంత ప్రశంసించిన తరువాత ఒక అభ్యంతరం కూడా చెప్పకపోతే సమీక్ష కాదు. ఆ చిత్రంలో క్రైస్తవ యువతి మేరీ, ఉద్యోగం కొరకు ఒక హిందూ యువకుని భార్యగా నటిస్తుంది. రెండు మతాలవారు ఒకే కప్పు క్రింద అబద్ధపు దంపతులుగా ఉండి నిజంగా ప్రేమించుకొనుట ఎంత సున్నితంగా చూపారో, చిక్కుముడిని అంత సులభంగా విప్పివేశారు. డిటెక్టివు మేరీ పాదం మీది మచ్చను కనిపెట్టగానే ఆమె తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మి అని తేలిపోతుంది. అడ్డుగోడను దాటనవసరం లేకుండా అసలు గోడే లేదని చెప్పినట్లైనది. ఆ సంవత్సరాలలో అంతకంటె ముందుకు పోలేకపోయారేమో. మేరీ మేరీగానే ఉండి ఆ ఇంటి కోడలు కాగలదా అన్న ప్రశ్న మాత్రం, నవ్వులన్నీ అయిపోయిన తరువాత మన కళాశాల వంటి చోట కూర్చొన్నవారికి మిగిలిపోతుంది.

ఇక అసలు గూఢచారి. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో కాగితం మీద సృష్టించిన జేమ్స్ బాండ్ 1962లో "డాక్టర్ నో"తో తెర కెక్కాడు. నాలుగు సంవత్సరాలు తిరగకముందే, 1966లో, డూండీ నిర్మించగా ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో "గూఢచారి 116" వచ్చినది. "తేనె మనసులు"లో స్కూటరు మీదినుండి కారు మీదికి దూకిన కొత్త కుర్రవానిని చూచి డూండీ ఈ పాత్రకు ఎన్నుకొన్నారని చెప్పుకొంటారు. ఆ కుర్రవాడు బుర్రిపాలెం కృష్ణ. చిత్రం హిందీలో "ఫర్జ్"గా వెళ్ళి జితేంద్రకు, తమిళంలో "రహస్య పోలీస్ 115"గా వెళ్ళి ఎం.జి. రామచంద్రన్‌కు పనికివచ్చినది. తెలుగులో కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ హిందీలో దర్శకుడైనాడు. అరువు కథలు తెచ్చుకొంటామని మనలను వెక్కిరించేవారు ఈ ప్రయాణం కూడా గమనించాలి. 116 కూడా ఒక ఫ్రెంచి గూఢచారి చిత్రం నుండి ప్రేరణ పొందినదేనన్నది నిజం; అరువు తెచ్చినది మళ్ళీ అరువిచ్చాము.

గూఢచారి చిత్రంలో ప్రేక్షకుని స్థానం తలక్రిందులవుతుంది. ఇక్కడ ద్రోహి ఎవరో మనకూ తెలియదు. నాయకుని భుజం మీదుగా చూస్తూ అతనితోపాటే, ఒక్కొక్కప్పుడు అతని కంటె ఆలస్యంగా తెలుసుకొంటాము. అందుచేత ఇటువంటి చిత్రాన్ని తూచేటప్పుడు, రహస్యం బయటపడిన తరువాత వెనుకకు తిరిగి చూడాలి. ముందు దృశ్యాలలో ఆ ఆనవాళ్ళు న్యాయంగా ఉంచారా, లేక చివరి రీలులో ఎవరినో తెచ్చి ద్రోహిగా నిలబెట్టారా? ఫైటింగులకు ఈ బాధ లేదు. అక్కడ దాచేదేమీ ఉండదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో వచ్చిన "మోసగాళ్ళకు మోసగాడు"లో గుర్రం, టోపీ పడమటివైనా, దూకినవాడు దూకినట్లు, పడినవాడు పడినట్లు కంటికి తెలిస్తే చాలు. 1986లో జంధ్యాల "చంటబ్బాయ్"లో చిరంజీవి చేత జేమ్స్ పాండ్ అనిపించి బాండుకే వెటకారం చేశారు. గూఢచారి మళ్ళీ అంజిగాడైనాడు.

ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇది కొత్త కాదు. అమీర్ హంజా దాస్తానులోని అమర్ అయ్యార్ తన జంబీల్ సంచిలో సమస్తం దాచుకొని, క్షణంలో వేషం మార్చి, శత్రు శిబిరంలో తిరిగి, గడ్డాలు గొరిగి నవ్వించి వస్తాడు. ఇబ్నె సఫీ 1952లో "జాసూసీ దునియా" మొదలుపెట్టి, 1955లో ఇమ్రాన్‌ను సృష్టించాడు. ఇమ్రాన్ చూచేవారికి తెలివి తక్కువవాడు. లోపల గూఢచారి దళానికంతకూ అధిపతి. అతని క్రింద పనిచేసేవారికే ఆ సంగతి తెలియదు, పాఠకునికి మాత్రం తెలుసు. నవ్వూ ఉత్కంఠా ఒకే పాత్రలో ఎట్లా ఇముడుతవో నేర్చుకొనుటకు ఇమ్రాన్ కంటె మంచి పాఠం నాకు తోచదు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును చదివిన మిత్రుడు పక్క బెంచీలోనే ఉంటాడు. ఒకరి పుస్తకం మరొకరు అడిగి కథ చెప్పించుకొనుట మన కళాశాలలోనే సాధ్యం.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. వేషమన్నప్పుడు ఎవరి వేషం అని అడుగక తప్పదు. నాయకుడు దొంగల స్థావరంలోకి పోవలసి వచ్చినప్పుడు తెలుగు చిత్రం తరచుగా గడ్డం, కుచ్చుటోపీ, కవ్వాలీ తెప్పిస్తుంది. హాస్యపాత్ర ముస్లిమైతే తెలుగు తడబడి తీరాలి. ఆ దృశ్యానికి హాలులో నవ్వేవారిలో మనమూ ఉన్నాము. కాని బందరులోనూ అవనిగడ్డలోనూ గుడివాడలోనూ వీధిలో మన తెలుగు అందరి తెలుగే. నూర్‌బాషా ఇండ్లలోనైతే పొయ్యి దగ్గర కూడా తెలుగే. ఆ యాస మనది కాదు, సినిమావారి వేషం. వేషమని తెలిసి నవ్వితే గొడవ లేదు. పగటివేషగాడు బ్రాహ్మణునీ కోమటినీ కూడా విడిచిపెట్టలేదు. చిత్రంలో ఆ మనిషికి ఆ యాస తప్ప మరొక పని ఇవ్వనప్పుడే చిక్కు వస్తుంది. అంజిగాడు పనివాని వేషంలో ఉన్నా గుండమ్మకు దీటుగా బదులు చెబుతాడు, కథను నడుపుతాడు. టోపీ పెట్టుకొన్నవానికి కథ నడిపే పని ఉన్నదా, ఒట్టి నవ్వులపాలు కావడమేనా? సమీక్షలో ఈ ఒక్క ప్రశ్న వేసి, దృశ్యం పేరు పెట్టి జవాబు వ్రాయుట నేర్చుకొంటే, కోపపడి వ్రాసే పది పేజీల కంటె నయం. మంచి జవాబులు కూడా దొరుకుతవి. 1994లో "యమలీల"లో రాజమండ్రి అలీ నవ్వించే కుర్రవాడుగా కాక, కథంతా మోసే నాయకుడుగా నిలబడ్డాడు.

ఆ చిత్రంలో యముడు మనవాడే. కౌతవరంలో పుట్టి గుడివాడ కళాశాలలో చదివిన కైకాల సత్యనారాయణ, తెర మీద ఎన్నో ఏండ్లు దుర్మార్గుడుగా తన్నులు తిని, 1996లో మచిలీపట్టణం నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1977లో "యమగోల"లో ఆయన యముడైనప్పుడు రామారావు యమలోకంలో భటులకు సంఘం పెట్టించి యముణ్ణి ముప్పుతిప్పలు పెట్టాడు. అదే సంవత్సరం నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. వేలమంది పోయారు. ఆ తరువాత రామారావు, నాగేశ్వరరావు తోటి నటులతో కలిసి ఊరూరా తిరిగి దివిసీమ బాధితుల కొరకు విరాళాలు సేకరించారు. అంజి గాని, డిటెక్టివ్ రాజు గాని కాదు. వేషాలు లేకుండా వచ్చారు. దివిసీమ పాతవారు ఈనాటికీ ఆ ఇద్దరి చిత్రాలను చూచే చూపులో ఇది కొంత కలిసి ఉంటుంది. సమీక్ష వ్రాసేవాడు అభిమానాన్ని విడిచిపెట్టాలని నేనూ పాఠం చెబుతాను గాని, ఈ అభిమానాన్ని విడువుమని చెప్పుటకు నోరు రాదు.

ఈ కాలపు చిత్రాలతో అభ్యాసం చేయదలచినవారికి రెండు పేర్లు. 2018లో అడివి శేష్ నటించిన "గూఢచారి" 116 త్రోవలోనిది. చూచినప్పుడు పైన చెప్పిన ఆనవాళ్ళ లెక్క తీయండి. 2019లో వచ్చిన "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో నవీన్ పోలిశెట్టి నెల్లూరులో డిటెక్టివు ఆఫీసు పెట్టుకొంటాడు. సగం వరకు అతడు డిటెక్టివ్ రాజు మనుమడే. ఆ తరువాత చిత్రం నవ్వు మాని నిజమైన శవాల దగ్గరకు తీసుకొనిపోతుంది. ఆ మలుపు ఏ దృశ్యంలో, ఏ మాటతో జరిగినదో గుర్తించి వ్రాయండి. ఆ ఆఫీసు పేరు కూడా గమనించండి. ఎఫ్.బి.ఐ. అని బోర్డు. అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్.