ఆయ్దక్కి లక్కమ్మ చూపిన మితము

వీరశైవ దీక్ష పొందినవానికి గురువు ఇష్టలింగమును అరచేత ఉంచును. నాటినుండి దానిని ధరించువాడును, పూజించువాడును అతడే. తనకు బదులుగా మరియొకనిచేత తన లింగమును పూజింపజేయుటకు వీలులేదు. ఎంత ధనము వెచ్చించినను ఆ పని పరులవలన తీరునది కాదు. ఈ నియమమును మనము పూజాసమయమునకు మాత్రమే పరిమితము చేసికొంటిమి. బసవేశ్వరుడు బోధించిన కాయక, దాసోహములను కొంచెము తరచి చూచినచో, అదే నియమము నిత్యజీవనమునకు కూడ వర్తించునని తెలియును. ఎవని కాయకము వానిదే. ఆ విధముగనే తాను వాడిన నీటికి, మిగిల్చిన అన్నమునకు, వాకిట పారవేసిన చెత్తకు తానే ఉత్తరవాది.

ఈ విషయమున మనకు మార్గము చూపిన శరణి ఆయ్దక్కి లక్కమ్మ. 12వ శతాబ్దమున మారయ్య, లక్కమ్మ అను దంపతులు రాయచూరు ప్రాంతమందలి అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చిరి. బసవేశ్వరుని మహాగృహపు ముంగిట రాలిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. 'ఆయ్ద అక్కి' అనగా కన్నడమున ఏరిన బియ్యము. ఆ వృత్తియే వారికి పేరైనది. ఒకనాడు మారయ్య ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇంత మనకేల అని ప్రశ్నించి, అధికమైన దానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. శూన్యసంపాదనమునందు ఈ దంపతుల వృత్తాంతము కలదు.

ఈ కథను దారిద్ర్యమును పొగడుటకు చెప్పుచుందురు. అది సరియైన అర్థము కాదని నా అభిప్రాయము. ఆ బియ్యము దొంగిలించినది కాదు. నేలపాలైన గింజలను ఏరుట పొదుపే గాని లోభము కాదు. పైగా ఆ ఇంట జంగమదాసోహము జరుగుచుండెడిది. ఎక్కువ తెచ్చుటకు ధర్మసమ్మతమైన సాకు కూడ సిద్ధముగా ఉన్నది. అయినను ఆమె అంగీకరింపలేదు. రేపటి వాటాను నేడు తెచ్చుకొనుట మరియొకని వాటాను తెచ్చుకొనుటయే అని ఆమె గ్రహించినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. గింజలు నేలపై చల్లినది మహాగృహమువారు. వారి అజాగ్రత్తను ఆమె తప్పుపట్టుచు కూర్చుండలేదు. మొదట తన కుండలోనికి చూచుకొన్నది.

ఆ కుండలోనికి నేడు మనము చూచుకొందము. మూడు వందల మంది భుజించిన ఒక పెండ్లిలో ఒక్కొక్క విస్తరియందు రెండు ముద్దల అన్నము, అనగా 100 గ్రాములు, మిగిలినదనుకొనుడు. మొత్తము 30 కిలోలు. వండినపుడు బియ్యము ఇంచుమించు మూడు రెట్లగును గావున, ఇది 10 కిలోల బియ్యము. ఒక కిలో బియ్యము పండించుటకు మూడు వేల నుండి అయిదు వేల లీటర్ల నీరు పట్టునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తక్కువ లెక్క వేసినను 30 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరులు ఆరు వచ్చి పెండ్లిపందిరి వెనుక నీటిని పారబోసి పోయినట్లే. వేయి అడుగులు త్రవ్వినను బోరున నీరు పడని పల్లెలున్న అనంతపురము జిల్లాలో కూడ మన పెండ్లిండ్లు ఇట్లే జరుగుచున్నవి.

'నేనొక్కడను మానినంతమాత్రమున లోకము మారునా?' అని పలువురు అడుగుదురు. పెద్ద కర్మాగారములు చేయు కాలుష్యము ముందర మన విస్తరి ఏపాటిదని వారి వాదము. ఆ కాలుష్యము నిజమే. ప్రభుత్వములను నిలదీయుటయు పౌరధర్మమే. కాని ఊరిలో అందరును లింగపూజ మానినారని ఏ భక్తుడైనను తన పూజను మానునా? పరుల లోపము తన నియమమునకు మినహాయింపు కాజాలదు.

అయితే ఒక్కనాటిలో సమస్తమును విడిచెదనని ప్రతిజ్ఞ పట్టువారిని చూచినచో నాకు భయము కలుగును. వారు పక్షము దినములు తిరుగకమునుపే పూర్వస్థితికి వచ్చుదురు. షట్‌స్థల సిద్ధాంతమున సాధకుడు ఒక్క గంతున ఐక్యుడు కాడు. భక్తస్థలమున శ్రద్ధ, మహేశస్థలమున నిష్ఠ, ప్రసాదిస్థలమున అవధానము అని క్రమము చెప్పబడినది. ఈ మూడును మన గృహమునకు చక్కగా సరిపడును.

శ్రద్ధ అనగా మొదట ఉన్న స్థితిని కన్నులారా చూచుట. పదునైదు దినములు ఇంట మిగిలిన అన్నమును తూచి గోడపై వ్రాయుడు. కారుచున్న కొళాయి క్రింద చెంబు పెట్టి చూడుడు. సెకనుకొక చుక్క చొప్పున దినమునకు 86,400 చుక్కలు పడును. నాలుగు వేల చుక్కలకు ఒక లీటరు వేసికొన్నను 20 లీటర్లు దాటును. ఈ దశలో దేనిని మానవలసిన పనిలేదు. చూచిన చాలును.

నిష్ఠ అనగా ఒక్కదానిని పట్టుకొని విడువకుండుట. ఒక్కటియే. గుడ్డసంచి లేక అంగడికి పోరాదని నిశ్చయించుకొన్నవాడు, సంచి మరచిన నాడు వస్తువు కొనక తిరిగి రావలెను. సౌకర్యముగా ఉన్నపుడు పాటించునది అలవాటగునే గాని నియమము కాదు. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు, చెంచాలు మన దేశమున నిషేధింపబడినవి. అయినను బసవజయంతి సభలలో కాయకమును గూర్చి గంటసేపు ప్రసంగించిన పెద్దలు సైతము అట్టి గ్లాసునే అందుకొని దాహము తీర్చుకొనుట చూచుచున్నాము. చట్టము తన పని తాను చేసినది. మన పని మిగిలియున్నది.

అవధానము అన్నిటికంటె కఠినము. ప్రసాది అయినవాడు గురులింగజంగమములకు అర్పింపనిదానిని కొనడు, కొన్నదానిని మిగల్పడు. భుజించిన పళ్ళెమును నీటితో కడిగి ఆ నీటిని త్రాగు వృద్ధులు నేటికిని మనలో ఉన్నారు. పిల్లలు దానిని చూచి నవ్వుదురు. అది పిసినారితనము కాదనియు, ప్రసాదమునకు చూపు మర్యాద అనియు వారికి ఎవరైనను చెప్పినారా? తక్కిన ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములను ఈ ప్రసంగములోనికి తెచ్చుట ఉచితము కాదు. అవి అనుభవమునకు సంబంధించినవి.

చిన్న మార్పు చిన్నదిగనే ఉండిపోవునను శంక వలదు. కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. దానికి మిక్కిలి దూరము కాని మన జహీరాబాదు ప్రాంతమున, 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, అధికభాగము దళితులు, జొన్న, కొఱ్ఱ, కంది మొదలగువానిని ఒకే చేనిలో కలిపి పండించుచు, విత్తనమును బజారున కొనక ఇంటనే దాచుకొనుచు వచ్చిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారికి ఈక్వేటర్ బహుమానమును ఇచ్చినది. వారు చేసినది ఏటేట తమ చేనిని తాము చక్కదిద్దుకొనుటయే.

ఇక దాసోహము మాట. వచ్చు వైశాఖ శుద్ధ తదియకు జరుగు బసవజయంతి భోజనములలో ఒక్క మార్పు చేసి చూడవచ్చును. మొదటి వడ్డనలో సగము గరిటె మాత్రమే వడ్డించి, మారు వడ్డనకు అడిగినవారికి అడిగినంత పెట్టవలెను. పిల్లలకు పెద్దల విస్తరి వేయరాదు. మోదుగాకు విస్తళ్ళు కడుగ పనిలేదు. అవి ఎరువుగుంటకు పోవును. కాగితపు గ్లాసు మంచిదనుకొందురు గాని దాని లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉండును. కావున స్టీలు గ్లాసులే మేలు.

ఎండకాలమున గ్లాసులు కడుగుటకు నీరెక్కడిదని కార్యకర్తలు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కొళాయి క్రింద కడుగక, రెండు గంగాళములు పెట్టుకొని, ఒకదానిలో తోమి మరియొకదానిలో ముంచి తీసినచో నీరు చాలవరకు కలిసివచ్చును. నీరు మురికియైనపుడు మార్చుకొనవలెను. సబ్బు కలియని రెండవ గంగాళపు నీరు మఠపు పెరటిలోని బిల్వవృక్షమునకు పోయవచ్చును.