కరెంటు పారే ప్లాస్టిక్: నానో పోగుల తయారీ

ప్లాస్టిక్‌లో కరెంటు పారదన్న నమ్మకం 1977లో చెదిరింది. పాలీఎసిటిలీన్‌కు అయోడిన్ కలపగానే వాహకత లక్షల రెట్లు పెరిగింది. దీన్ని కనుగొన్న హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు 2000లో నోబెల్ దక్కింది, అదీ రసాయన శాస్త్రంలో.

ఇలాంటి ప్లాస్టిక్‌తో నానో పోగులు చేయడానికి తేలికైన దారి రెండు ద్రవాల సరిహద్దులో పాలిమరీకరణ. అడుగున సేంద్రియ ద్రావణిలో అనిలీన్, పైన ఆమ్లజలంలో అమోనియం పెర్‌సల్ఫేట్. సరిహద్దున పుట్టిన ఆకుపచ్చ పాలీఅనిలీన్ పోగులు వెంటనే నీటిలోకి జారుకుంటాయి, కాబట్టి లావెక్కవు. మందం ఆమ్లాన్ని బట్టి మారుతుంది: హైడ్రోక్లోరిక్‌తో సుమారు 30 నానోమీటర్లు, పెర్‌క్లోరిక్‌తో దాదాపు 120.

మరో దారి అచ్చులో (టెంప్లేట్‌లో) పోగులను పెంచడం. అల్యూమినా పొర రంధ్రాలే అచ్చయితే గట్టి టెంప్లేట్, సబ్బులాంటి అణువుల మైసెల్ అయితే మృదు టెంప్లేట్. గట్టి అచ్చును చివర్లో కరిగించాలి, అదో తలనొప్పి.