ప్లేట్‌లెట్లు ఎవరికి కావాలి?

మైపాడు దగ్గర ఒక పాలెం. వానలు పడ్డాయి. తొట్లలో, పాత టైర్లలో నీళ్లు నిలిచాయి. దోమలు పెరిగాయి. వేటకు పోయే ఒక కుర్రవాడికి జ్వరం వచ్చింది. ఒళ్లంతా నొప్పులు. నెల్లూరు ఆసుపత్రిలో పరీక్ష చేశారు. డెంగీ అని తేలింది.

ఐదో రోజుకు ప్లేట్‌లెట్లు 32 వేలకు పడిపోయాయి. తల్లి గుండె జారిపోయింది.

"నర్సమ్మా, నా గాజులు తాకట్టు పెడతా. నా బిడ్డకు ప్లేట్‌లెట్లు ఎక్కీయండమ్మా" అని ఏడ్చింది.

"నా రక్తం తీసుకోండి మేడం" అన్నాడు పెద్దకొడుకు.

నర్సు వాళ్లను కూర్చోబెట్టింది. "అమ్మా, లెక్క ఒక్కటే చూసి భయపడొద్దు. మీవాడికి ఎక్కడా రక్తం కారడం లేదు. డాక్టరుగారు పూటపూటా చూస్తున్నారు. ఇప్పుడు ప్లేట్‌లెట్లు అక్కరలేదు" అంది.

"మరి అవెందుకు?" అని తల్లి అడిగింది. నర్సు వివరంగా చెప్పింది.

ప్లేట్‌లెట్లు రక్తంలోని చిన్న కణాలు. చెయ్యి తెగితే ఇవి ఒకచోట చేరి గండి పూడుస్తాయి. రక్తం ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇవి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీలో తగ్గుతాయి. చాలామందికి కొద్ది రోజుల్లో వాటంతట అవే పెరుగుతాయి.

డెంగీలో పెద్ద ప్రమాదం వేరే ఉంది. కుండ చెమ్మగిల్లినట్టు రక్తనాళాల నుండి నీరు బయటకు ఊరిపోతుంది. బీపీ పడిపోతుంది. జ్వరం తగ్గే రోజుల్లోనే ఇది ఎక్కువ. అందుకే ఓఆర్ఎస్ నీళ్లు, గంజి తాగాలి. అవసరమైతే డాక్టరు కొలతగా సెలైన్ పెడతారు. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, రక్తం కారడం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సింగపూరు, మలేషియాలలో 372 మంది పెద్దవాళ్ల మీద జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. వాళ్లకు ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకంటే తక్కువ. సగంమందికి ముందుజాగ్రత్తగా ఎక్కించారు. అయినా రక్తస్రావం తగ్గలేదు. పైగా దద్దుర్ల వంటి ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

మరి ఎవరికి కావాలి? రక్తం బాగా కారుతున్నవారికి కావాలి. క్యాన్సరు మందుల వల్ల ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినవారికి కావాలి. డెంగీలో 10 వేల కంటే తగ్గితే డాక్టరు ఆలోచించి చెబుతారు.

ఇవి ఎక్కువ రోజులు నిలవ ఉండవు. చేపలను ఐసులో పెడతాం. ప్లేట్‌లెట్లను అలా పెట్టరు. 20 నుండి 24 డిగ్రీల దగ్గర మెల్లగా ఊపుతూ ఉంచుతారు. అయినా మామూలుగా ఐదు రోజులే. అక్కరలేనివారికి ఎక్కిస్తే అక్కర ఉన్నవారికి దొరకవు.

ప్లేట్‌లెట్లు ఇవ్వడం కష్టం కాదు. 18 నుండి 60 ఏళ్ల లోపు, 50 కిలోల బరువు, మంచి ఆరోగ్యం ఉండాలి. ముందు రక్తం పరీక్ష చేస్తారు. మూడు రోజుల నుండి ఆస్పిరిన్ మింగి ఉండకూడదు. యంత్రం ప్లేట్‌లెట్లను తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకే పంపుతుంది. గంట, రెండు గంటలు పడుతుంది. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని మన దేశంలో 1998 జనవరి 1 నుండి నిషేధించారు. దానంగానే ఇవ్వాలి.

మూడు రోజులకు చిన్నవాడి ప్లేట్‌లెట్లు 70 వేలకు పెరిగాయి. పక్క వార్డులో క్యాన్సరు ఉన్న ఒక పిల్లకు చిగుళ్ల నుండి రక్తం ఆగడం లేదు. పెద్దకొడుకు తల్లి వైపు చూశాడు.

"పో నాయనా. ఆ పిల్లకూ తల్లి ఉంది గదా!" అంది ఆమె.

ఆలోచించండి, చెప్పండి:
1. నర్సు ప్లేట్‌లెట్లు అక్కరలేదని ఎందుకు చెప్పింది?
2. డెంగీలో ఏయే గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి?
3. మీ ఇంటి చుట్టూ నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తున్నాయి? వాటిని ఎలా తొలగిస్తారు?