బ్యాటరీ మొరాయించకముందే కనిపెట్టండి

నాటుకోడి గుడ్లు పొదిగే యంత్రం పెట్టుకున్న రైతు సోదరులారా! గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. ఫ్యాన్ ఉన్న యంత్రంలో సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నిలవాలి. కరెంటు పోతే ఆ భారమంతా ఇన్వర్టర్ బ్యాటరీదే. లైటు వెలుగుతోంది కదా అని ధీమాగా ఉంటే, కోత పడిన రాత్రి గుడ్లన్నీ పాడైపోవచ్చు. కాబట్టి నీళ్లు పోసే బ్యాటరీని నెలకోసారి ఇలా చూసుకోండి.

నీళ్లు: మట్టం కింది గీతకు దిగకుండా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లలోని ఉప్పు పలకలను తినేస్తుంది. ఆసిడ్ ఎప్పుడూ పోయరాదు.

ఓల్టేజి: పూర్తిగా ఛార్జి చేసి, లోడు తీసి, నాలుగైదు గంటలు వదిలేసి మీటరు పెట్టండి. 12 ఓల్టుల బ్యాటరీ 12.6 దాకా చూపాలి. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు.

హైడ్రోమీటరు: నీళ్లు పోయకముందే ఆరు గదుల్లోనూ చూసి రాసుకోండి. ఉండాల్సిన అంకె కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఐదు గదులు 1.240 చూపి ఒక్కటి 1.190 చూపితే ఆ గది దెబ్బతిన్నట్టే. ఒక్క గది చెడితే బ్యాటరీ మొత్తం కుంటుతుంది.

అసలు పరీక్ష: మూడు నెలలకోసారి, యంత్రంలో గుడ్లు లేని రోజు చేయాలి. బ్యాటరీ నిండా ఛార్జి చేసి, మెయిన్ ఆపి, ఎప్పుడూ నడిపే లోడే నడపండి. ఇన్వర్టర్ 'బ్యాటరీ తక్కువ' అని కూత పెట్టేవరకు పట్టిన సమయం రాసుకోండి. కొత్తలో 5 గంటలు వచ్చింది 4 గంటలకు పడిపోతే సామర్థ్యం 80 శాతానికి దిగినట్టు. ఇక కొత్త బ్యాటరీకి డబ్బు సమకూర్చుకోవాలి. పరీక్ష అయిన వెంటనే తిరిగి నిండా ఛార్జి చేయండి. ఖాళీగా వదిలేస్తే పలకలు గట్టిపడి పాడవుతాయి. నీళ్లు పోయనక్కర్లేని సీలు బ్యాటరీకి ఓల్టేజి, ఈ పరీక్ష రెండే దారి.

జాగ్రత్తలు: ఛార్జి అయ్యేటప్పుడు మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర బీడీ వెలిగించొద్దు. ఎండ తగలనివ్వొద్దు. 10 డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే, వైర్లు విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక బిగించి వాజిలిన్ రాయండి. ఆ సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆసిడ్ పడితే వెంటనే ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకండి, అందులోని సీసం విషం. కొత్తది కొనేచోటే ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు. ఈ లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకుంటే బ్యాటరీ ఎప్పుడు దిగజారుతోందో ముందే తెలుస్తుంది.