తప్పని తేలే దారి

హాలిఫాక్స్

చిరంజీవి హారికకు,

జన్యువుల మీదా వైద్యం మీదా రోజుకొక కొత్త అధ్యయనం వార్తల్లోకి వస్తోందనీ, ఏది నమ్మాలో ఏది పక్కన పెట్టాలో తెలియడం లేదనీ రాశావు. పరిశోధకుల అనుభవం, పత్రిక పేరు, పరీక్షించిన మనుషుల సంఖ్య అన్నీ చూడాల్సినవే. అయితే వాటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ ఫలితం వచ్చి ఉంటే ఈ మాట తప్పని తేలేది? అలాంటి ఫలితం ఎదురయ్యే చోటికి వెళ్లి వెతికిన అధ్యయనమే మనకు కొత్త సంగతి చెబుతుంది. ఏం జరిగినా నిజమే అనిపించుకునే మాట ఎంత గొప్ప పత్రికలో అచ్చయినా మన తెలివిడిని పెంచదు. ఈ ఊళ్లోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో యాభై ఏళ్లుగా సాగిన పరిశోధనల్లో ఈ ప్రశ్న విలువ స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే వాటినే ఆధారం చేసుకుని రాస్తున్నాను.

మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు, ఆకుల్లోని హరితరేణువులు ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియాలనీ, మరో కణంలో చేరి అక్కడే స్థిరపడిపోయాయనీ 1967లో లిన్ మార్గులిస్ వాదించారు. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది, అవి చీలి రెండవుతాయి. ఇలాంటి పోలికలు ఆమె చాలానే చూపారు. కానీ 1972లో రడాల్ఫ్ రాఫ్, హెన్రీ మాహ్లర్ ఎదురు వాదం చేశారు: మైటోకాండ్రియా బయటినుంచి రాలేదు, కణం తనలోనుంచే దాన్ని రూపొందించుకుంది అని. అప్పటికి తెలిసిన పోలికలు రెండు వాదాల్లోనూ ఇమిడిపోయేవి. కనుక ఇంకో వంద పోలికలు పోగేసినా తగువు తీరేది కాదు. రెండు వాదాలూ రెండు వేర్వేరు జవాబులు చెప్పే చోటు కావాలి. డల్హౌసీలో ఫోర్డ్ డూలిటిల్, లిండా బోనెన్ ఆ చోటును రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏలో పట్టుకున్నారు. హరితరేణువు లోపలే పుట్టినదైతే దాని ఆర్‌ఎన్‌ఏ అదే కణపు కేంద్రకం తయారుచేసే ఆర్‌ఎన్‌ఏకు దగ్గరగా ఉండాలి. బయటినుంచి వచ్చినదైతే బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకు దగ్గరగా ఉండాలి. ఇలినాయ్‌లో కార్ల్ వోస్ ప్రయోగశాలలో పనిచేసిన బోనెన్‌కు ఆ ఆర్‌ఎన్‌ఏను ఎంజైముతో చిన్న ముక్కలుగా కోసి, ఏయే ముక్కలున్నాయో పట్టిక వేసి పోల్చే పద్ధతి తెలుసు. 1975లో వారు ఎర్ర శైవలం ఒకదాని హరితరేణువును పరీక్షిస్తే అది బ్యాక్టీరియా వైపు మొగ్గింది. 1977లో మైఖేల్ గ్రే, స్కాట్ కన్నింగ్‌హామ్‌లతో కలిసి గోధుమ మొలకపిండంలోని మైటోకాండ్రియాను పరీక్షించినప్పుడూ అదే జవాబు వచ్చింది. మార్గులిస్ ఆలోచన ఓడిపోయే వీలున్న పరీక్ష పెట్టారు, అది ఓడలేదు. దాని బలమంతా అందులోనే ఉంది.

ఆ తర్వాత వారు నడిచిన తీరు కూడా గమనించు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం, ఎందుకంటే కుండలోని మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. జీవజాతులు అలా కావు. గోధుమలో తేలినది జంతువులకూ శిలీంధ్రాలకూ వర్తిస్తుందని ముందే అనుకోలేం. వాటి మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ ఎంతగానో మారిపోయి, ఎవరికి దగ్గరో చెప్పడం కష్టంగా ఉండేది. 1982లో గ్రే, డూలిటిల్ రాసిన సమీక్షకు పెట్టిన పేరే ఒక ప్రశ్న: అంతస్సహజీవన సిద్ధాంతం (మార్గులిస్ వాదన) రుజువైందా అని. గెలుస్తున్న పక్షాన ఉండి కూడా వారు ఆ ప్రశ్నను మూసేయలేదు. 1997లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు, గ్రే కలిసి రెక్లినోమోనాస్ అనే ఏకకణజీవి మైటోకాండ్రియా డీఎన్‌ఏను పూర్తిగా చదివారు. మనిషి మైటోకాండ్రియాలో 37 జన్యువులుంటే దానిలో 97 ఉన్నాయి, వాటిలో బ్యాక్టీరియా తరహా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ జన్యువులు కూడా ఉన్నాయి. గోధుమ ఇచ్చిన జవాబుకు ఎంతో దూరపు జీవినుంచి బలం చేకూరింది.

ఇప్పుడు మన కాలానికి రా. 2012లో ఎన్‌కోడ్ అనే భారీ ప్రాజెక్టు, మానవ జీనోమ్‌లో 80 శాతం దాకా ఏదో ఒక జీవరసాయన పని చేస్తోందని ప్రకటించింది. ‘వ్యర్థ డీఎన్‌ఏ’ అన్న మాటకు కాలం చెల్లిందని పత్రికలు రాశాయి. 2013లో డూలిటిల్ దాన్ని విమర్శిస్తూ వ్యాసం రాశారు. ఒక డీఎన్‌ఏ ముక్క మీద ప్రోటీన్ అంటుకోవడం వేరు, ఆ ముక్క లేకపోతే జీవి నష్టపోవడం వేరు అన్నది ఆయన వాదం. ఆయన సూచించిన ఊహా పరీక్ష చూడు. పఫర్‌ఫిష్ జీనోమ్‌లో దాదాపు 40 కోట్ల అక్షరాలుంటాయి, మనిషిలో దాదాపు 300 కోట్లు, ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్‌లో దాదాపు 4,300 కోట్లు. ఇదే పద్ధతిలో ఆ చేపలనూ పరీక్షిస్తే, జీనోమ్ పెరిగిన కొద్దీ ఇలాంటి జీవరసాయన గుర్తులు కూడా పెరుగుతూ పోతాయా? పోతే, లంగ్‌ఫిష్‌కు మనకన్నా ఎన్నో రెట్లు జన్యు నియంత్రణ అవసరమని ఒప్పుకోవాలి. లేదా ఆ గుర్తులు ఉపయోగానికి రుజువు కావని ఒప్పుకోవాలి. ‘ఉపయోగం’ అనే మాటకు మా నిర్వచనం అది, అందులో తప్పేముందని ఎన్‌కోడ్ తరఫున అనవచ్చు. ఆ ప్రాజెక్టు ఇచ్చిన పటాలు ఎన్నో ప్రయోగశాలలకు నిజంగానే పనికొస్తున్నాయి, దాన్ని కాదనలేం. కానీ ఏది కనిపించినా ఉపయోగమే అనేంత వదులైన నిర్వచనం ఓడిపోవడానికి చోటే ఇవ్వదు. 2014లో ఎన్‌కోడ్ శాస్త్రవేత్తలే, జీవరసాయన, పరిణామ, జన్యు ఆధారాలు వేర్వేరు అంచనాలిస్తాయని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

కొత్తదాన్ని కనుక్కోవడానికి ఓడిపోయే పరీక్ష ఎందుకు, కళ్లు తెరిచి చూస్తే చాలదా అని నువ్వు అడగవచ్చు. దానికీ ఇక్కడే జవాబుంది. 2016లో డల్హౌసీ విద్యార్థిని యానా ఎగ్లిట్ ఈ ఊరి పక్క అడవిబాటలో నడుస్తూ కాస్త మట్టి తెచ్చారు. ప్రయోగశాలలో దాన్ని నానబెడితే హెమీమాస్టిగోట్ అనే అరుదైన ఏకకణజీవులు కనిపించాయి. పంతొమ్మిదో శతాబ్దంనుంచే వాటిని అడపాదడపా చూసినవారున్నారు, కానీ వాటి జన్యువులను ఎవరూ చదవలేదు. వాటిలో ఒక కొత్త జాతికి మిక్‌మా ప్రజల గాథల్లోని కుక్వెస్ అనే రాక్షసుడి పేరు పెట్టారు. దొరకడం అదృష్టమే, దాన్ని గుర్తుపట్టడం చూపు. కానీ జీవవృక్షంలో దాని చోటు తేల్చింది పోలిక: అలస్టేర్ సింప్సన్, ఆండ్రూ రోజర్ తదితరుల బృందం 351 జన్యువులను పోల్చి చూసింది. ఆ జీవులు అంతకుముందు ఊహించిన బంధువుల పక్కనే చేరి ఉంటే, ఇదొక కొత్త మహాశాఖ అన్న మాట అక్కడితో ఆగిపోయేది. చేరలేదు కనుకే 2018లో ‘నేచర్’ దాన్ని ప్రచురించింది.

రోగి ఎదురుగా ఉన్నప్పుడు ఇంత పట్టుదల కుదురుతుందా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. రోగి ఉన్నచోటే ఇది మరీ అవసరం అంటాను. మీ హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్ తదితరులు 2009లో, గుండె కండరపు ప్రోటీన్ జన్యువు ఒకదానిలో 25 అక్షరాలు పోయిన మార్పుకూ గుండె జబ్బుకూ సంబంధం చూపారు. అది మన ఉపఖండం వారిలో దాదాపు 4 శాతం మందిలో ఉంది. రోగుల్లో మాత్రమే వెతికి ఊరుకుంటే ఆ మాటకు విలువ ఉండేది కాదు. ఆరోగ్యవంతుల్లోనూ అంతే తరచుగా కనిపిస్తే అది కూలిపోయేది. వారు రెండు గుంపులనూ పోల్చారు. అయినా కథ ముగియలేదు. 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతివారిపై వచ్చిన అధ్యయనం, ఈ లోపంతోపాటు అదే జన్యువులో మరో మార్పు కూడా ఉన్న కొద్దిమందిలో గుండె పనితీరు తేడాగా ఉన్నట్టు గమనించింది. అంటే ప్రమాదం అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు. నూటికి నలుగురంటే కోట్లమంది. వారందరికీ రోగులన్న ముద్ర వేయడమూ హానే, అసలు పట్టించుకోకపోవడమూ హానే. తొందరలో వైద్యం చేయాల్సి రావచ్చు. అప్పుడు కూడా మనకు తెలిసిందేమిటో, ఇంకా తేలనిదేమిటో విడదీసి రోగికి చెప్పడం వైద్యుడి బాధ్యత.

కాబట్టి ఇకముందు ఏ అధ్యయనం చదివినా, ఫలితాల భాగానికి వెళ్లకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకో: ఫలానాది కనిపిస్తే వీరి మాట తప్పు. తర్వాత వారు అక్కడ వెతికారో లేదో చూడు. వెతికి ఉంటే, ఆ ఫలితం చిన్నదైనా దాచుకో. వెతకకపోతే కొట్టిపారేయకు, అక్కడ చేయాల్సిన పని మిగిలి ఉందన్నమాట. రేపు నువ్వు చేపట్టే పరిశోధన అదే కావచ్చు. నీ సొంత ఆలోచనకైతే ఈ పరీక్షను మరింత కఠినంగా పెట్టు, ఎందుకంటే మనకు ఇష్టమైన మాటను వదులుకోవడమే అన్నిటికన్నా కష్టం.

ఇట్లు,
నీ పెదనాన్న