నాజిల్‌లోంచి ఏం వస్తుందో చూడాలంటే

మొదటి వాన పడ్డది. మోత్కూర్‌లో మా మామయ్య ట్రాక్టర్ నల్లపొగ కక్కుతోంది. మెకానిక్ నాజిల్ విప్పి టెస్టర్‌కు బిగించి చేతిపంపు కొట్టాడు. ఒక రంధ్రంలోంచి తుంపరకు బదులు సన్నని ధార! నేను వేలు పెట్టబోతే కసిరాడు: "చెయ్యి తియ్ బిడ్డా, తోల్లకెల్లి దూసుకపోతది!" నిజమే, 200 బార్లకు అటూ ఇటూ ఒత్తిడి అది.

కానీ ఆయన చూసింది చల్లగాలిలో. సిలిండర్‌లో గాలి వేడిగా, దట్టంగా ఉంటుంది. డీజిల్ కొంతదూరం పోగానే ఆవిరైపోతుంది. అందుకే ల్యాబుల్లో క్వార్ట్జ్ కిటికీల ఛాంబర్, హైస్పీడ్ కెమెరా వాడతారు. పక్కనుంచి వెలుగు వేస్తే బిందువులు దాన్ని చెదరగొట్టి మెరుస్తాయి. ఇది మీ స్కాటరింగ్ (ఈ 'మీ' మీది కాదు, 1908లో లెక్క కట్టిన గుస్తావ్ మీది). ఇందులో ఆవిరి కనబడదు.

ఆవిరికి ష్లీరెన్ కావాలి. ఎండలో తారురోడ్డు మీద గాలి అలలాడుతుంది కదా, అదే సూత్రం: సాంద్రత మారినచోట కాంతి వంగుతుంది. వంగిన కిరణాలను కత్తి అంచుతో ఆపితే ఆవిరి నీడలా తేలుతుంది. రెండు ఫొటోలూ పక్కన పెడితే ద్రవం ఎక్కడ ఆగిందో, ఆవిరి ఎంతదాకా పోయిందో తెలుస్తుంది. ద్రవమే గోడను తాకితే పొగ, మసి తప్పవు.

కొత్త నాజిల్ మూడోరోజు దొరికింది. అప్పటికే పక్క చేనులో పత్తిగింజలు పెట్టేశారు.