అద్దె నావ యెక్కకముందు

పాఠ్యభాగములు: అపొ. కార్యములు 27:9-20, మార్కు 1:16-20, యోనా 1:3



మన అంబాజీపేట కొబ్బరి ఊరు. కాయను చెవియొద్ద ఆడించి లోపల నీరెంత యున్నదో చెప్పగలవారు మనలో అనేకులున్నారు గాని, మొగ దాటునప్పుడు అల యెటు విరుగునో చెప్పగలవారు లేరు. ఆ విద్య ఓడలరేవువారిది, అంతర్వేది పల్లిపాలెమువారిది. అయినను మన యౌవనస్థులు పదిమంది కూడి, తలా కొంత వేసికొని, ఒక మోటారు నావను దినమంతటికి అద్దెకు మాటలాడుకొని చేపలవేటకు పోవుచున్నారు. పోవద్దని మేము చెప్పము. మన ప్రభువు శిష్యులలో నలుగురు ఆ పనివారే గదా. అయితే పోకముందు చేయవలసిన పనిని గూర్చి ఈ మాసము కొంత ఆలోచింతము.

యాకోబు యోహానులు వలలు విడిచి వెళ్లిరని అందరమును జ్ఞాపకముంచుకొందుము. పిలుపు వచ్చిన గడియలో వారేమి చేయుచుండిరో అంతగా చూడము. వారు వలలు బాగుచేసికొనుచుండిరి. వారి తండ్రి నావలో జీతగాండ్రు కూడ నుండిరని మార్కు వ్రాసెను. వేట దొరకని రాత్రి గడచిన తరువాత పేతురును అతనితోడివారును వలలు కడుగుచుండిరని లూకా 5వ అధ్యాయములో చదువుచున్నాము. 1986లో గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు బురదలోనుండి ఆ కాలపు నావయొకటి బయలుపడెను. పొడవు 8 మీటర్లకు కొంచెము ఎక్కువ. దానిలో పండ్రెండు రకముల కఱ్ఱ కనబడినది. దొరికిన చెక్కతో మరల మరల అతుకులు వేసికొనుచు ఆ నావను నడిపించిరన్నమాట. వేటలో సగము పని ఒడ్డుననే యున్నది.

కాబట్టి మొదట నావను చూడవలెను. 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపలవేట చట్టము ప్రకారము వేటనావకు రిజిస్ట్రేషనును, లైసెన్సును ఉండవలెను. మనుష్యులను విహారమునకు ఎక్కించుకొనుటకు దానికి అనుమతి యున్నదో లేదో వేరుగా అడుగవలెను. చేపలకిచ్చిన లైసెన్సు మనుష్యులకు చాలదు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తీరమున మోటారు నావల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ దినములలో ఎవరైనను తక్కువ అద్దెకు తీసికొని పోదుమన్నయెడల వినవద్దు. లైఫ్‌జాకెట్లు ఉన్నవని సరంగు చెప్పినది చాలదు. తలకొకటి చొప్పున మీరే లెక్కించి, కట్టులు లాగి చూచి, రేవులోనే తొడుగుకొనవలెను. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరునొద్ద విహారనావ మునిగిన సంగతి మన జిల్లాల ఇండ్లలో ఇంకను కన్నీటితో చెప్పుకొందురు.

ఇక మూట సంగతి. అన్నిటికంటె ముందు త్రాగునీరు. చుట్టును నీరున్నను త్రాగుటకు చుక్కయుండదు. ఒక పూటకు పోవుచున్నను రెండు దినములకు సరిపడ పట్టుడి. కొబ్బరిబొండములు దాహమునకు మంచివే గాని నీళ్లడబ్బాకు బదులు కావు. ముందురాత్రి నూనెవంటకములు మాని, తెల్లవారి కొంచెము చద్దియన్నము తిని ఎక్కినవారికి కడుపులో త్రిప్పుట తక్కువ. అల్లపు ముక్క దగ్గరనుంచుకొనుడి. చేపలెంత బరువు వచ్చునని తలంతురో అంత బరువు మంచు కావలెను. ఎండలో పడియున్న చేప ఇంటికి వచ్చుసరికి మన అమ్మలు దానిని ముట్టరు. డీజిలు మూడు భాగములు చేసి, ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు, ఒకటి ముట్టక యుంచుటకు అని సరంగుతో తేల్చుకొనుడి. గాలములు, ఎర, చాకు, అదనపు త్రాడు, బ్యాటరీదీపము, ఈల, చిన్న అద్దము ఉండవలెను. ఎండలో అద్దపు మెరుపు బహుదూరము కనబడును. అగ్గిపెట్టెను మూతగల డబ్బాలో పెట్టుడి. తీరము విడిచి కొంత దూరము పోగానే ఫోనులు మూగవోవును గనుక వాటినే నమ్ముకొనరాదు. కొందరి మూటలో మొట్టమొదట చేరునది సీసా. దానిని గూర్చి మేము ఎక్కువ చెప్పనక్కరలేదు. త్రాగినవానికి నావ అంచు ఎక్కడనున్నదో తెలియదు.

మొగయొద్ద ఇసుకమేటలు ప్రతి వరదకు స్థలము మారుచుండును. పోటు వేళ లోతుండి దాటిన చోటనే పాటు వేళ అడుగు తగులును. గనుక ఎప్పుడు బయలుదేరవలెనని మన సౌకర్యమునుబట్టి కాక, సరంగు చెప్పిన వేళనుబట్టి రేవుకు చేరవలెను. పౌలు ఎక్కిన ఓడలోని నావికులు లోతు చూచి, మొదట ఇరువది బారలు, పిమ్మట పదిహేను బారలు కనుగొని, లంగరులు దించిరి.

అయితే ఆ ఓడ అంత దురవస్థకు ఎట్లు వచ్చెను? ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. ఉపవాసదినము గడచినదని లూకా వ్రాయుచున్నాడు, అనగా మన లెక్కకు సెప్టెంబరు అక్టోబరు నెలల కాలము. పౌలు వద్దనెను. శతాధిపతి పౌలు మాటకంటె నావికుని, ఓడ యజమానుని మాట నమ్మెను. యజమానునికి ఓడలోని గోధుమలున్నవి, రేవు చేరినగాని సొమ్ము రాదు. అంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరినది. ఇక సంశయమేల అనుకొని లంగరెత్తిరి. ఆ గోధుమలనే తుదకు తమ చేతులతో సముద్రములో పారబోసిరి. యోనా కూడ కేవు ఇచ్చి ఓడ యెక్కెను. అతడు ఓడ మొత్తమునకు అద్దె చెల్లించెనని యూదుల తల్మూదులో ఒక బోధకుని అభిప్రాయము. అద్దె యిచ్చినవాడు వెనుకకు తిరుగుట కష్టము. పది మంది సొమ్ము, సెలవు దినము, కొన్న మంచు, ఇవన్నియు కలిసి మనుష్యుని రేవులోనికి నెట్టును.

మన సీమలో దీని అర్థము 1996 నవంబరు 6న తెలిసినది. ఆ సాయంకాలము కాకినాడకు దక్షిణముగా తుఫాను తీరము దాటెను. వెయ్యిమందికి పైగా చనిపోయిరి. వేటకు పోయి తిరిగి రానివారు వారిలో అనేకులు. కోనసీమ తోటలు నేలకొరిగినవి. కొబ్బరిచెట్టు మరల కాపుకు వచ్చుటకు ఏండ్లు పట్టినది గాని వచ్చినది. ఈ దినములలో వాతావరణశాఖవారి హెచ్చరికలును, 1999లో ఏర్పడిన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారి అలల సమాచారమును ప్రతి దినము దొరకుచున్నవి. ముందురాత్రి ఒకమారు, తెల్లవారి ఒకమారు చూడవలెను.

చూచి మానుకొనుటకు ధైర్యము కావలెనన్నయెడల, దానికి ఏర్పాటు బయానా ఇచ్చునప్పుడే చేసికొనవలెను. హెచ్చరిక వచ్చినయెడల అదే సొమ్ము మరియొక దినమునకు చెల్లునని నావ యజమానునితో ముందుగా మాటలాడి, ఇద్దరు పెద్దల యెదుట వ్రాసికొనుడి. నావవాడును పిల్లలుగలవాడే, అతనికి సగము దినపు కూలియైన ఇచ్చుట న్యాయము. అందుకు ఒప్పుకొననివాని నావ ఎక్కవద్దు.

మరియొక చీటీ కూడ వ్రాయుడి. ఎక్కినవారి పేర్లు, నావ నెంబరు, సరంగు పేరు, ఏ మొగనుండి పోవుచున్నారు, ఎన్ని గంటలకు తిరిగి వత్తురు అనునవి దానిలో నుండవలెను. క్రింద తీరరక్షకదళమువారి సహాయపు నెంబరు 1554 వ్రాసి, ఇంటియొద్ద మెలకువగా నుండు ఒకరికి ఇచ్చి పొండి.